రాడ్డు వేయడం గంటన్నర, ఎముక అతకడం పది నెలలు: హనుమకొండలో ఒక బొక్కల దవాఖాన గురించి నా రివ్యూ

కాలు విరిగి రాడ్డు వేయించుకున్నవాళ్లు, ఇంట్లో ఎవరికో వేయించాల్సి వచ్చి రాత్రిపూట ఫోన్‌లో ఏ ఆసుపత్రి మంచిదా అని వెతుకుతున్నవాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను. నాకు మోకాలి కింద ఎముక విరిగి పదిహేను నెలలవుతోంది. ఆపరేషన్ హనుమకొండలో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో జరిగింది, తర్వాత చూపించుకున్నది వేరే డాక్టరు దగ్గర, ఫిజియోథెరపీ ఇంట్లో. మూడింటి గురించీ చెబుతాను. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. ఆపరేషన్ చేసిన డాక్టరుగారి చేతి పనికి నేను ఇప్పటికీ దండం పెడతాను, కానీ డిశ్చార్జి అయిన రోజు నుంచి అక్కడ నన్ను చూసుకున్న తీరు మీద కోపం ఉంది, ఈ రెండూ ఒకే పేరు కింద పెడితే చదివేవాళ్లకు ఒక్కటే గుర్తుంటుంది. మార్కులు ముందే చెప్పేస్తాను: ఆపరేషన్‌కి 5కి 5, వార్డులో సిస్టర్లకి 5కి 5, ఇంటికి పంపాక పట్టించుకున్నందుకు 5కి 2.

2024 సెప్టెంబరు, వానలు పడి రోడ్లన్నీ కొట్టుకుపోయిన రోజులు. నేను ఆత్మకూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను, రోజూ హనుమకొండ నుంచి స్కూటీ మీదే పోతాను. కల్వర్టు దగ్గర తారు లేచిపోయి కంకర తేలింది, ముందు చక్రం జారింది, బండి నా ఎడమ కాలి మీద పడింది. లేవబోతే మోకాలికీ మడమకీ మధ్యలో కాలు వంగింది. పక్క చేన్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చి బండి తీశారు, ఒకావిడ నా చున్నీతోనే కాలికి అటూ ఇటూ అట్టముక్కలు పెట్టి కట్టింది, "కదలకు బిడ్డా, బొక్క ఇరిగినట్టుంది" అంది. ఆ కట్టు వల్లే విరిగిన ఎముక కొన చర్మాన్ని చీల్చుకుని బయటికి రాలేదని తర్వాత డాక్టరు అన్నారు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

108లో అబ్బాయి "ఎంజీఎంకి పోదామా మేడం, ప్రైవేటా" అని అడిగాడు. మా ఆయన ఫోన్‌లో చెప్పిన ఆసుపత్రికి వెళ్లాం. ఎక్స్‌రేలో టిబియా (మోకాలి కింద ఉండే పెద్ద ఎముక) నడిమి భాగమూ కింది భాగమూ కలిసే చోట కొంచెం ఏటవాలుగా విరిగింది, పక్కన సన్న ఎముక ఫిబ్యులా కూడా పోయింది. పిల్లలకు బొమ్మ గీసి అంతర్జంఘిక, బహిర్జంఘిక అని ఎన్నేళ్ల నుంచో చెబుతున్నాను, నా కాలిలో రెండూ రెండు ముక్కలై కనబడితే మాత్రం కళ్లు తిరిగాయి.

ఇక్కడ ఆ సర్జన్ చేసిన మంచి పని చెప్పాలి. ఆయన హడావుడి పెట్టలేదు. మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. పిండికట్టు వేయవచ్చు కానీ ఎముక విరిగిన తీరు నిలకడగా లేదు, లోపల పక్కకు జరుగుతుంది, నెలల తరబడి తొడ దాకా కట్టుతో ఉండాలి. ప్లేటు వేయాలంటే చర్మం పొడవునా కోయాలి, ముంగాలి మీద చర్మం కిందే ఎముక, మధ్యలో కండ లేదు, పుండు మానడం కష్టం. అందుకని మోకాలి దగ్గర చిన్న కోత పెట్టి ఎముక లోపల మూలుగ ఉండే బోలులోంచి రాడ్డు దించి పైనా కిందా బోల్టులు వేస్తాం అన్నారు. ఈ పద్ధతికి మూలం గెర్హార్డ్ కుంట్షర్ అనే జర్మన్ సర్జన్, 1939లో తొడ ఎముకకు మొదలుపెట్టాడట, అడ్డంగా బోల్టులు వేసి బిగించడం ఆ తర్వాత వచ్చింది. ఈ సంగతి కూడా ఆయనే చెప్పారు. నేను టీచర్నని తెలిశాక ఆయనకు చెప్పాలనిపించి ఉంటుంది, నాకూ వినడం వల్ల భయం తగ్గింది.

ఆ సాయంత్రానికే చుట్టాలు వచ్చారు. మా పెద్దమామ "కోత ఎందుకమ్మా, పుత్తూరు కట్టు కట్టిస్తే నలభై దినాల్ల నడుస్తవు" అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. పుత్తూరులో తరతరాలుగా కట్టు కడుతున్నారు, మన ఊళ్లలో చెయ్యి విరిగినా కాలు విరిగినా ముందు గుర్తొచ్చేది అదే. కానీ పక్కకు జరిగిపోయిన టిబియాని పైనుంచి కట్టు కట్టి సరైన వరుసలో నిలబెట్టడం అయ్యే పని కాదు, వంకరగా అతికితే ఆ తర్వాత మోకాలూ మడమా జీవితాంతం ఆ వంకర మోస్తాయి. అంత దూరం కారులో ఆ కాలుతో ప్రయాణం ఇంకో ప్రమాదం. నేను ఒప్పుకోలేదు.

మరునాడు పొద్దున ఆపరేషన్. నడుముకి సూది ఇచ్చారు, కింద స్పర్శ లేదు కానీ చెవులు పనిచేస్తున్నాయి కదా, డ్రిల్లు తిరిగే చప్పుడూ సుత్తి దెబ్బలూ అన్నీ వినిపించాయి. ఇది ఎవరూ ముందు చెప్పరు. మీకు భయమైతే నిద్ర మందు కూడా ఇవ్వమని మత్తు డాక్టరును అడగండి, ఇస్తారు. గంటన్నరలో అయిపోయింది. టైటానియం రాడ్డు, 9 మిల్లీమీటర్ల మందం, 320 మిల్లీమీటర్ల పొడవు, పైన రెండు బోల్టులు కింద రెండు. ఈ కొలతలు బిల్లులో ఉన్న స్టిక్కరు మీద ఉంటాయి, ఆ స్టిక్కరు జాగ్రత్తగా దాచుకోండి. రేపు ఎప్పుడో ఎక్కడో రాడ్డు తీయించాల్సి వస్తే ఏ కంపెనీదో తెలియకపోతే దానికి సరిపోయే పనిముట్లు దొరక్క ఇబ్బంది పడతారు.

మొదటి రాత్రి సిస్టర్ల గురించి ప్రత్యేకంగా రాయాలి. గంట గంటకూ వచ్చి కాలి వేళ్లు కదిలించమనేవాళ్లు, వేళ్లు తాకి వెచ్చగా ఉన్నాయా చూసేవాళ్లు, పిక్క నొక్కి చూసేవాళ్లు. నేను విసుక్కున్నాను కూడా. తెల్లవారి పెద్ద సిస్టర్ చెప్పింది: మోకాలి కింద కండలు గట్టి పొరల గదుల్లో ఉంటాయి, లోపల వాపు పెరిగితే ఆ గదిలో ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు, కొన్ని గంటల్లో కండ చచ్చిపోతుంది. మందు వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, వేళ్లను పైకి వంచితే ప్రాణం పోయేంత నొప్పి, పిక్క రాయిలా బిగుసుకోవడం దాని గుర్తులు. టిబియా విరిగినవాళ్లలో ఇది రావడానికి ఎక్కువ అవకాశం ఉంటుంది. ఏ ఆసుపత్రిలో చేరినా మొదటి రెండు రాత్రులు ఈ పరీక్ష చేస్తున్నారా లేదా గమనించండి, చేయకపోతే అడగండి, మొహమాటం వద్దు.

పక్క మంచం మీద పరకాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన, ఆయనకూ ఇదే ఎముక విరిగింది, ఆరోగ్యశ్రీ కింద చేరాడు. బీడీ మానలేక బాత్రూంలో తాగి దొరికాడు. డాక్టరు ఆయన మంచం మీద కూర్చుని "పెద్దాయనా, నికోటిన్ వల్ల సన్న రక్తనాళాలు ముడుచుకుంటయ్, ఎముకకి రక్తం చాలదు, నేను ఎంత మంచిగ రాడ్డు వేసినా నీ బీడీ దాన్ని అతకనియ్యదు" అని చెప్పారు. పొగతాగేవాళ్లలో టిబియా ఆలస్యంగా అతుకుతుందన్నది బాగా రుజువైన విషయం. మీ ఇంట్లో మగవాళ్లకు ఈ దెబ్బ తగిలితే ముందు ఆ పెట్టె తీసి పారేయండి. ఆరోగ్యశ్రీ మాట వచ్చింది కాబట్టి: 2023 డిసెంబరు నుంచి మన తెలంగాణలో పరిమితి 10 లక్షలు, చేరే ముందే ఆ ఆసుపత్రిలో ఎముకల విభాగానికి అది వర్తిస్తుందా అని కౌంటర్‌లో అడగండి, చేరాక అడిగితే గొడవలు. నాకు గది, రాడ్డు, మందులు అన్నీ కలిపి 1 లక్ష 30 వేల దాకా అయింది.

ఐదో రోజు డిశ్చార్జి. ఇక్కడి నుంచి నా ఫిర్యాదు.

డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్ వివరాలన్నీ చక్కగా టైపు చేసి ఉన్నాయి, కింద సలహా అన్న చోట "బరువు మోపరాదు, వాకర్ వాడాలి, 6 వారాలకు రావాలి" అని ఒక్క లైను. ఎన్నాళ్లు మోపరాదు? మోకాలు వంచొచ్చా? మడమ? డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరుని అడిగితే "మేడం, రెండు నెలలు కాలు కింద పెట్టకండి" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను అలాగే చేశాను. మంచం మీదే, కాలు దిండు మీదే. ఆరు వారాలకు వెళితే పెద్ద డాక్టరు కాలు చూసి "ఏంటి, ఇంకా కాలు మోపలేదా? మూడో వారం నుంచే కొంచెం కొంచెం మోపాలి కదా" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. పిక్క సగానికి సన్నబడింది, మడమ పైకి వంగట్లేదు, పాదం కిందికి వేలాడి బిగుసుకుపోయింది. ఈ నష్టం ఆపరేషన్‌లో జరిగింది కాదు, ఒక కాగితం మీద రెండు లైన్లు సరిగ్గా రాయకపోవడం వల్ల జరిగింది. రోజుకి వంద మందిని చూసే ఓపీలో మాట్లాడే టైం లేదంటే అర్థం చేసుకుంటాను, కానీ అచ్చేసిన కాగితం ఇవ్వడానికి టైం ఏం పడుతుంది? నా తర్వాత వచ్చేవాళ్లకైనా ఇవ్వండి అని అక్కడే అడిగాను, రిసెప్షన్‌లో పుస్తకంలోనూ రాశాను.

బరువు ఎందుకు మోపాలో నాకు తర్వాత అర్థమైంది, ఇది తెలిస్తే మీరు భయపడరు. మనం అనుకున్నట్టు రాడ్డు ఎముకను అతికించదు. ముక్కలను వరుసలో పట్టుకుని ఉంటుంది, అంతే. విరిగిన చోట ముందు రక్తం గడ్డ కడుతుంది, అందులోకి కొత్త కణాలు వస్తాయి, కొన్ని వారాలకు మృదులాస్థి లాంటి మెత్తటి పదార్థం రెండు కొసలనూ చుట్టుకుంటుంది, దాంట్లోకి కాల్షియం చేరి గట్టిపడుతుంది. దాన్నే కాలస్ అంటారు. ఎక్స్‌రేలో విరిగిన చోట మబ్బులా కనబడేది అదే. ఈ కాలస్ రావాలంటే విరిగిన చోట కొంచెం కదలిక కావాలి, చాలా కొంచెం. రాడ్డు బోలులో ఉండి బరువులో కొంత తాను మోస్తుంది, కొంత ఎముకకు వదులుతుంది, మనం అడుగు వేసిన ప్రతిసారీ ఆ కొసలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఆ ఒత్తిడే ఎముక పెరగడానికి కబురు. మొత్తం కదిలిపోతే అతకదు, అసలు ఒత్తిడే లేకపోయినా అతకడం మందగిస్తుంది. అందరికీ ఒకే లెక్క కాదు, ముక్కలు ముక్కలుగా విరిగినవాళ్లకు, చర్మం చీలినవాళ్లకు, కీలు దగ్గర విరిగినవాళ్లకు వేరే లెక్క, కాబట్టి మీ సర్జన్‌ని "ఏ వారం నుంచి ఎన్ని కిలోలు" అని అడిగి ఆయన చేతనే రాయించుకోండి.

ఆరో వారం నుంచి కాజీపేట నుంచి ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికి రావడం మొదలుపెట్టాడు, సారికి 400. మా తమ్ముడి వయసు ఉంటుంది. 5కి 5 కాదు, ఇంకా ఇవ్వగలిగితే ఇస్తాను. మొదటి రోజు వచ్చి మెషీన్లేవీ పెట్టలేదు. "మేడం, బరువు చూసుకునే మిషన్ ఉందా ఇంట్లో?" అన్నాడు. మిషన్ నేల మీద పెట్టి, దాని పక్కన అదే ఎత్తులో రెండు పాత అట్లాసులు పేర్చి మంచి కాలు దాని మీద, దెబ్బ కాలు మిషన్ మీద పెట్టించి, వాకర్ పట్టుకుని మెల్లగా నొక్కమన్నాడు. ముల్లు 15 దగ్గరికి వచ్చాక "ఆపండి, ఈ బరువు ఎట్లుందో కాలికి గుర్తుపెట్టుకోమనండి" అన్నాడు. అలా వారానికి ఐదేసి కిలోలు పెంచాడు. డాక్టర్లు "కొంచెం కొంచెం మోపండి" అంటారు కదా, కొంచెం అంటే ఎంతో నాకు ఆ మిషన్ మీద తెలిసింది.

టవల్ పాదానికి వేసి వెనక్కి లాగడం, తొడ కండ బిగించి పది లెక్కపెట్టడం, మంచం అంచున కూర్చుని మోకాలు వంచడం, ఇవి రోజుకి మూడుసార్లు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. తారుమారైతే పడతారు. బాత్రూం కోసం కమోడ్ కుర్చీ కొనుక్కోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆడవాళ్లు ముఖ్యంగా రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు, నేనూ మొదటి పది రోజులు అదే చేశాను, మంచం మీద కదలకుండా ఉన్నవాళ్లకు కాలి నాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం అసలే ఉంటుంది, నీళ్లు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది.

ఇంటి వైద్యం గురించి ఒక మాట. మా అత్తమ్మ రెండు రోజులకోసారి మేక కాళ్ల పాయ వండింది, మధ్యాహ్నం రెండు గుడ్లు, పొద్దున రాగి జావ. ఎక్కడి నుంచో నల్లేరు కాడలు తెప్పించి పచ్చడి చేసింది. అది నూనెలో బాగా వేగకపోతే, చింతపండు చాలకపోతే నాలుకంతా దురద పెడుతుంది, మొదటిసారి మా ఆయనకు అయింది. వీటితో ఎముక గబగబా అతుకుతుందని నేను చెప్పను, కానీ ఆకలి చచ్చిపోయిన రోజుల్లో నాచేత అన్నం తినిపించింది అత్తమ్మే. ఒక్కటి మాత్రం ఆసుపత్రిలో ఎవరూ పరీక్షించలేదు, విటమిన్ డి. తర్వాత రెండో డాక్టరు చేయించారు: నాకు 11 వచ్చింది, 20 కంటే తక్కువైతే లోపం అంటారు. రోజంతా తరగతి గదిలో ఉండే టీచర్లకు, షాపుల్లో పనిచేసేవాళ్లకు ఇది మామూలే. వారానికి ఒకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు ఎనిమిది వారాలు వాడాను. రాడ్డు వేసిన ప్రతివాళ్లూ మొదటి వారంలోనే ఈ పరీక్ష అడగండి, షుగర్ ఉన్నవాళ్లు షుగర్ కూడా.

మూడు నెలలకు ఎక్స్‌రే. కాలస్ చాలా తక్కువ. నాలుగున్నర నెలలకు మళ్లీ. వెనక వైపు కొంచెం, మిగతా వైపులా విరిగిన గీత అలాగే కనిపిస్తోంది. ఆ రోజు పెద్ద డాక్టరు లేరు, ఇంకొకరు ఎక్స్‌రే దీపం మీద పెట్టి నిమిషం చూసి "అతకలేదు మేడం, రాడ్డు తీసి లావుది వేయాలి, నడుము ఎముక నుంచి కొంచెం తీసి పెట్టాలి, వచ్చే వారం చేరండి" అన్నారు. ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక రెండు రాత్రులు నిద్రలేదు. సెలవులు అయిపోతున్నాయి, పదో తరగతి పిల్లలకు పరీక్షలు ముందున్నాయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా అన్న టెన్షన్.

ఫిజియో తమ్ముడే "తొందరపడకండి మేడం, ఇంకొకరికి చూపిద్దాం" అని ఒక సీనియర్ డాక్టరు దగ్గరికి పంపాడు. చిన్న క్లినిక్, ఏసీ లేదు, బయట ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన నా ఎక్స్‌రేలన్నీ తేదీల వారీగా వరసగా పెట్టి ఇరవై నిమిషాలు చూశారు. తర్వాత నన్ను పిలిచి చూడటం నేర్పారు. ఎముకకి నాలుగు గోడలు అనుకోండి టీచరుగారూ అన్నారు: ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో లోపలి గోడా బయటి గోడా, పక్క నుంచి తీసినదాంట్లో ముందు గోడా వెనక గోడా. ఒక్కో గోడకు మార్కులు. కాలస్ లేకపోతే 1, కాలస్ వచ్చి గీత ఇంకా కనిపిస్తే 2, కాలస్ కలిసిపోయి గీత కనిపించకపోతే 3. మొత్తం 4 నుంచి 12 వరకు. దీన్ని రస్ట్ స్కోర్ అంటారట. నాకు ఆ రోజు 6. "మూడు నెలలప్పుడు 5 ఉంది. మెల్లగా నడుస్తోంది, ఆగిపోలేదు" అన్నారు. మామూలుగా నాలుగిట్లో మూడు గోడలు కలిసి, నొక్కినా నడిచినా నొప్పి లేకపోతే అతికినట్టు లెక్క.

ఆలస్యం ఎందుకైందో కూడా ఆయనే చెప్పారు. టిబియా కింది భాగానికి కండ తక్కువ, రక్తం తక్కువ. బోలును డ్రిల్లుతో వెడల్పు చేసినప్పుడు లోపలి రక్తనాళాలు కొంతకాలం దెబ్బతింటాయి, బయటి పొర నుంచి రక్తం పెరిగి ఆ లోటు తీరుస్తుంది, అది అందరికీ ఒకే వేగంతో జరగదు. నా కాలిలో రెండు కొసల మధ్య సన్నటి ఖాళీ మిగిలింది, పక్కన ఫిబ్యులా ముందే అతికేసి గుంజలా నిలబడి పెద్ద ఎముకను దగ్గరికి రానివ్వడం లేదు, పైగా నేను ఆరు వారాలు కాలే మోపలేదు, విటమిన్ డి లేదు. ఇన్ని కలిశాయి. లోపల చీము లాంటిది ఏమైనా ఉందేమోనని ఈఎస్ఆర్, సీఆర్పీ రక్త పరీక్షలు చేయించారు. రెండూ మామూలుగానే ఉన్నాయి.

ఆయన ఒక అధ్యయనం గురించి చెప్పారు, ఇంటికొచ్చి నేనూ చదివాను. స్ప్రింట్ అని దాని పేరు, కెనడా, అమెరికా, నెదర్లాండ్స్‌లో 29 చోట్ల చేసి 2008లో ప్రచురించారు. టిబియాకి బోలు వెడల్పు చేసి వేసే రాడ్డు మంచిదా, చేయకుండా వేసేది మంచిదా అని చూడటానికి చేసింది. చర్మం చీలకుండా ఎముక విరిగినవాళ్లలో వెడల్పు చేసి వేసినదానికే కొంత మొగ్గు కనిపించింది, చర్మం చీలినవాళ్లలో తేడా తేలలేదు. కానీ నాకు పనికొచ్చింది ఇంకోటి: అతకలేదన్న కారణంతో ఆరు నెలల లోపు మళ్లీ ఆపరేషన్ చేయకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు. ఏడాది దాకా చూసిన 1226 మందిలో అతకక రాడ్డు మార్చాల్సి వచ్చినవాళ్లు, ఎముక తెచ్చి పెట్టాల్సి వచ్చినవాళ్లు 57 మందే. అంటే ఓపిక పడితే ఆలస్యంగానైనా చాలామందికి అతుకుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ లెక్కలో కూడా "అతకలేదు" అనాలంటే తొమ్మిది నెలలు నిండి, చివరి మూడు నెలల్లో మార్పే లేకుండా ఉండాలి. నాకు నాలుగున్నర నెలలకే ఆ మాట అన్నారు.

రాడ్డు మార్చడం తప్పు వైద్యం అని నేను అనడం లేదు, ఆగిపోయినవాళ్లకు అదే చేస్తారు, బాగా పనిచేస్తుంది కూడా. నా కోపం ఆ నిమిషం మీద. పాత ఎక్స్‌రేలతో పోల్చకుండా, రక్త పరీక్ష లేకుండా, కాలు నొక్కి నొప్పి ఉందా అని అడగకుండా నిర్ణయం చెప్పిన ఆ ఒక్క నిమిషం.

రెండో డాక్టరు చేసింది చిన్న పని. ఐదు నెలలు నిండాక, 2025 ఫిబ్రవరిలో, పైన ఉన్న రెండు బోల్టుల్లో ఒకటి తీసేశారు. మిగిలిన బోల్టు రాడ్డులో పొడవాటి రంధ్రంలో ఉంటుంది, అందుకని అడుగు వేసినప్పుడు ఎముక కొంచెం కిందికి జరిగి కొసలు కలుసుకుంటాయి. డైనమైజేషన్ అంటారు. అడ్డంగానో కొద్ది ఏటవాలుగానో విరిగినవాళ్లకే ఇది కుదురుతుంది, ముక్కలైతే కాలు పొట్టి అవుతుంది. అరగంట పని, సాయంత్రానికి ఇల్లు, 14 వేలు. "ఇక భయం లేదు, పూర్తి బరువు మోపి నడవండి, నడకే మీ మందు" అన్నారు.

నడిచాను. పొద్దున్నే మా ఆయన చేయి పట్టుకుని ఇంటి ముందు వీధి, తర్వాత చేతికర్రతో పార్కు దాకా, మార్చి నాటికి భద్రకాళి చెరువు కట్ట మీద. ఎండ కూడా తగిలింది. ఏప్రిల్ ఎక్స్‌రేలో వెనక గోడా బయటి గోడా మబ్బు కమ్మినట్టు కాలస్. నేను బయటే కుర్చీలో కూర్చుని ఫిల్మ్ ఆకాశానికేసి పట్టుకుని లెక్కపెట్టాను, 8 వచ్చింది, లోపలికి వెళ్తే డాక్టరూ 8 అన్నారు. జులైలో 10, మూడు గోడలు కలిశాయి. చేతికర్ర మూలన పెట్టాను. జూన్‌లో బడి తెరిచినప్పుడే వెళ్లిపోయాను, మొదట్లో కూర్చునే పాఠం చెప్పాను, పిల్లలు బోర్డు మీద బొమ్మలు గీసిపెట్టేవాళ్లు.

ఇప్పటికీ మిగిలినవి దాచను. మోకాలి ముందు భాగంలో నొప్పి ఉంది, రాడ్డు దించిన చోటే. మోకాళ్ల మీద కూర్చోలేను, పూజ దగ్గర పీట వేసుకుంటున్నాను, బాసింపట్టు వేసి పది నిమిషాలు దాటితే లేవడం కష్టం. టిబియా రాడ్డు వేయించుకున్నవాళ్లలో చాలామందికి ఈ నొప్పి ఉంటుందని తర్వాత తెలిసింది, రాడ్డు తీసేసినా అందరికీ పూర్తిగా పోదట. నేల మీద కూర్చుని పనిచేసే మన ఆడవాళ్లకు, పొలంలో గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆపరేషన్‌కి ముందే ఈ మాట చెప్పాలి. చెప్పినా నేను రాడ్డే వేయించుకునేదాన్ని, కానీ తెలిసి వేయించుకునేదాన్ని. రాడ్డు తీయడం గురించి అడిగితే ఇబ్బంది పెట్టకపోతే ఉండనివ్వండి, తీయాలనిపిస్తే ఏడాదిన్నర రెండేళ్లు దాటాక చూద్దాం అన్నారు.

వెళ్లేవాళ్లకు కొన్ని సంగతులు. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో సోమవారం విపరీతమైన రద్దీ, మధ్య వారంలో వెళితే పెద్ద డాక్టరే చూస్తారు, చీటీ తీసుకునేటప్పుడే ఆయన ఉన్నారా అని అడగండి. లిఫ్టు ఉంది కానీ గుమ్మం దగ్గర రెండు మెట్లున్నాయి, చక్రాల కుర్చీ కోసం వాచ్‌మన్‌కి ముందే ఫోన్ చేయించండి. ఎక్స్‌రే ఎక్కడ తీయించినా ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మోకాలు నుంచి మడమ దాకా మొత్తం పడేలా తీయమనండి, ఫిల్మ్ వెనక తేదీ రాసుకోండి. పాతవి ఒక్కటీ పారేయొద్దు, ప్రతిసారీ అన్నీ ఒకే కవర్లో పట్టుకెళ్లండి. నా కవర్లో ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి.